మూడో మిషను

దుర్గాప్రసాద్ గారి జీడి ఫ్యాక్టరీలో మూడో మిషను దిగిన రోజున కటింగు షెడ్డులో ఉన్న యాభై మంది ఆడవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు. మొదటిది వచ్చినప్పుడు ఎత్తారు. అది పదేళ్ల కిందటి మాట. లారీ తలుపు తీస్తుంటే కొందరు ఏడ్చారు, కొందరు అమ్మవారికి కోడిని మొక్కుకున్నారు. మొక్కు ఫలించిందో ఏమో, జీడిపిక్కను కొయ్యమంటే అది లోపలి పప్పును కూడా కోసిపారేసింది. మూడు నెలలకే మూలపడింది. రెండోది ఇంకా పెద్దది, ఇంకా ఖరీదైనది, ఇంకా పనికిమాలినది. ఇప్పుడు రెండూ బాయిలరు వెనక రేకుల కింద తుప్పు పట్టి పడున్నాయి. వాన వెలిశాక ఆడవాళ్లు వాటి మీద గోనెపట్టాలు ఆరేసుకుంటారు.

“ఆరేసుకోడానికి ఇంకోటొచ్చింది వదినా,” అంది ఎర్రమ్మ.

పక్కన కూర్చున్న నాగమణి నవ్వింది గానీ చెయ్యి ఆపలేదు.

నాగమణికి నలభై ఆరేళ్లు. ఉద్దానంలో ఆమెదీ ఎర్రమ్మదీ ఒకే ఊరు, ఒకే వీధి. ఎర్రమ్మ ఆమెకు ఆడపడుచు వరస అవుతుంది గానీ, వరస కన్నా స్నేహమే ఎక్కువ. ఇరవై రెండేళ్లుగా ఇద్దరూ ఒకే ఆటోలో పలాస వచ్చి, పక్కపక్క బల్లల ముందు కూర్చుని, ఒకే గిన్నెలో చారు పోసుకుని తిన్నారు. తిత్లీ తుఫాను ముందు దాకా రెండు ఇళ్లకూ కాస్తో కూస్తో జీడితోట, కొబ్బరి చెట్లు ఉండేవి. ఒక్క రోజులో అన్నీ నేలకొరిగాయి. మళ్లీ నాటినవి ఎదుగుతున్నాయి గానీ ఇల్లు నడిపేంత కాదు. ఎర్రమ్మ భర్త ధనుంజయకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ రెండు రోజులూ ఆమె సగం పూటే పనికి వస్తుంది.

కటింగు పని చూడ్డానికి తేలిక. ఉడికించి ఆరబెట్టిన పిక్కను రెండు కత్తుల మధ్య నిలబెట్టి, కాలితో తొక్కి, చేత్తో మీట ఎత్తితే గుల్ల రెండుగా విచ్చుకుంటుంది. లోపలి పప్పు చెక్కు చెదరకుండా బయటికి రావాలి. విరిగితే దాని విలువ సగానికి పడిపోతుంది. గుల్లలోంచి కారే నూనె చేతికి తగిలితే చర్మం కాలి, ఊడి, నల్లబడుతుంది. ఆముదం రాసుకుని, బూడిద పులుముకుని కూర్చుంటారు. అయినా పలాసలో ఆడదాని చేతులు చూసి ఏ పనికి వెళ్తుందో చెప్పేయొచ్చు. నాగమణి చేతులు మణికట్టు దాకా నలుపే. కాని షెడ్డు మొత్తంలో ఆమె గంపలో ఉన్నంత తక్కువ నూక ఎవరి గంపలోనూ ఉండదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎందుకో మాత్రం ఎవరూ అడగలేదు. ఈ ఇరవై రెండేళ్లలో యజమాని వైపు నుంచి ఆమెను అడిగిన ప్రశ్నలు రెండే: ఎంత కోశావు, రేపు వస్తావా.

మిషనుతో పాటు కంపెనీ తరఫున ఒక ఇంజినీరు వచ్చాడు. పేరు ఫణీంద్ర, కాకినాడ వైపు మనిషి, ముప్పై దాటలేదు. కాశీబుగ్గలో లాడ్జి తీసుకుని, పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఆ మిషను చుట్టూ తిరిగేవాడు. వారం రోజులు కత్తులు మార్చాడు, గొలుసు బిగించాడు, మళ్లీ వదులు చేశాడు. పిక్కలు ఒక వైపు నుంచి వెళ్లి రెండో వైపు నుంచి నూకలై వచ్చేవి.

“ఏటండీ ఫణీంద్ర గారూ,” అన్నాడు దుర్గాప్రసాద్ ఒకరోజు, అందరికీ వినబడేలాగే. “దీని కంటే మా ఆడోళ్లే నయం కదండీ! ఇంకో రెండు వారాలు చూస్తాను. తర్వాత మీ సామాను మీరు లారీ ఎక్కించుకోండి.”

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

మర్నాడు ఫణీంద్ర మిషను దగ్గరికి వెళ్లలేదు. కటింగు షెడ్డులోకి వచ్చి, ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని నాగమణి ఎదురుగా కూర్చున్నాడు. గంట సేపు మాట్లాడకుండా ఆమె చేతులు చూశాడు. ఆమెకు ఇబ్బందిగా అనిపించి కొంగు సర్దుకుంది.

“నాగమణి గారూ, ఇందాక మూడు పిక్కలు పక్కన పడేశారు. ఎందుకని?”

గారూ అన్న మాట విని నాగమణి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని.

“పడేసేనా బాబూ?”

“పడేశారు. ఇదిగో, ఇవే.”

ఆమె ఆ మూడింటినీ చేతిలోకి తీసుకుంది. తను వాటిని పక్కన పెట్టినట్టు తనకే తెలియదు. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టి ఆడించింది.

“ఇందులో పప్పు కదల్నేదు. గుల్లకి అంటుకునే ఉంది. ఇప్పుడు కోత్తే బద్దలైపోద్ది. రేపటికి ఒగ్గీయాల. ఇది సూడు, ఇది ఉడుకెక్కువై మెత్తబడిపోనాది.”

“అన్నీ ఒకే బాయిలర్లో ఒకేసారి ఉడికినవే కదా?”

నాగమణికి నవ్వొచ్చింది. “ఒక్క కడుపున పుట్టినోళ్లు ఒక్కలాగే ఉంటారేటి బాబూ? ఇది అక్కుపల్లి వైపు పిక్క. ఇసక నేల, గుల్ల పల్సన. ఇది మందస కొండ కిందది. ఎర్ర నేల, గుల్ల మందం. రెండూ ఒకే బస్తాలో కలిపీసి ఒకే ఉడుకు ఉడికిత్తే ఒకటి పచ్చిగుంటాది, ఒకటి సితికిపోద్ది. మేం సేత్తో ఏరుకుంటాం కాబట్టి సరిపోతంది. నీ మిషనుకేటి తెలుత్తాది? తప్పు కత్తిది కాదు, పిక్కది.”

ఫణీంద్ర జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. రాసుకుంటున్నంత సేపూ నాగమణి అతని కలం వైపే చూసింది. తన నోటి మాట ఎవరైనా కాగితం మీద పెట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఆటోలో ఎర్రమ్మ ఊరుకోలేదు.

“ఆడికేటి సెప్పకు వదినా. తెల్దని ఊరుకో.”

“ఏటి సెప్పేనని? పిక్క ఏరడం ఎలగో సెప్పేను. మిషనుకి సెవులున్నాయేటి, ఇనడానికి?”

“మిషనుకి నేవు. ఆడికున్నాయి.”

నాగమణి ఆ మాటను లెక్క చెయ్యలేదు. ఎర్రమ్మకు కాస్త అసూయ అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు బాగుంది కూడా.

ఆ తర్వాత పది రోజులు ఆమె కత్తి బల్ల ముందు కూర్చోనే లేదు. ఫణీంద్ర వెంట ఫ్యాక్టరీ అంతా తిరిగింది. పిక్కలను ఉడికించక ముందే సైజు వారీగా జల్లెడ పట్టాలంది. మందస వాటిని వేరే ఉడికించమంది. ఉడికినవి కుప్ప పోస్తే అడుగున ఉన్నవి చెమర్చి చెడతాయి, నీడలో పల్చగా పరవాలంది. తూర్పు గాలి తిరిగిన రోజున సముద్రపు తేమ పట్టి పిక్క ఆలస్యంగా ఆరుతుంది, తొందరపడొద్దంది. ఫణీంద్ర ప్రతిదానికీ ఒకటే అడిగేవాడు.

“ఎంత సేపు ఆరాలమ్మా?”

“ఆరేదాకా.”

“అదే, ఎన్ని గంటలు?”

“గంటల్లో ఎలగ సెప్తాం బాబూ? సెయ్యి పెడితే తెలుత్తాది.”

“అయితే చెయ్యి పెట్టండి. తెలిసినప్పుడు చెప్పండి.”

ఆమె పరిచిన పిక్కల్లో వేళ్లు దూర్చి, కళ్లు మూసుకుని, కాసేపాగి “ఇదిగో, ఇప్పుడు” అనేది. అతను వెంటనే అక్కడి నుంచి నాలుగు పిక్కలు తీసి తేమ కొలిచే మీటరులో వేసి, అంకె రాసుకునేవాడు. రోజుకు పదిహేను ఇరవై సార్లు. ఆమె చేతిది, మీటరుది ఏనాడూ పెద్ద తేడా రాలేదు. అంకె కలిసినప్పుడల్లా అతను “అబ్బ!” అని ఆమె వైపు ఆశ్చర్యంగా చూసేవాడు. ఆ చూపు కోసం నాగమణి మర్నాడు ఇంకాస్త ముందే వచ్చేది. ఇంట్లో తన భర్త నారాయణకు చెప్పుకునేది, “అంత సదూకున్నోడు నన్నడుగుతున్నాడయ్యా” అని.

పన్నెండో రోజు పొద్దున మిషను నడిచింది.

ముందు ఎవరూ నమ్మలేదు. కింది బల్ల మీద పప్పులు ఒకదాని వెంట ఒకటి జారి వచ్చాయి, తెల్లగా, నిండుగా, వంపు చెడకుండా. గంటలో వచ్చిన పప్పు ఇరవై మంది ఒక పూటంతా కోసేంత ఉంది. దుర్గాప్రసాద్ గుప్పెడు తీసుకుని వేళ్ల మధ్య నుంచి జార్చి చూసుకున్నాడు. నాగమణికి తను పెంచిన పిల్ల నలుగురిలో నిలబడి తడబడకుండా మాట్లాడినట్టు అనిపించింది. ఆ ఒక్క క్షణం ఆమె సంతోషపడిందన్నది నిజం. తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకుని సిగ్గుపడినా, ఆ సంతోషం అబద్ధం కాదు.

లడ్డూలు పంచారు. దుర్గాప్రసాద్ ఆమెకు చీర పెట్టాడు. మిషను ముందు ఫొటోలు తీశారు. పప్పు నిండిన పళ్లెం పట్టుకుని పక్కన నిలబడమన్నారు. రెండు రోజుల తర్వాత ఆ ఫొటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అందులో దుర్గాప్రసాద్ ఉన్నాడు, ఫణీంద్ర ఉన్నాడు, మిషను ఉంది. ఒక అంచున పళ్లెం, దాన్ని పట్టుకున్న రెండు నల్లటి చేతులు ఉన్నాయి. మనిషి లేదు.

సోమవారం పొద్దున షెడ్డు ముందు అందరినీ నిలబెట్టారు.

“ఎవర్నీ పొమ్మనట్లేదమ్మా,” అన్నాడు దుర్గాప్రసాద్. గొంతు మెత్తగానే ఉంది. “మా నాన్న గారి కాలం నుంచీ మీరంతా ఇంటి మనుషులు. పని లేదు, అంతే. పొట్టు తీయడానికీ, ఏరడానికీ ఓ పన్నెండు మంది చాలు. చూపు బాగున్నోళ్లు, నాగా పెట్టనోళ్లు ఉంటారు. మిగతావాళ్లకి మళ్లీ అవసరమైతే కబురు పెడతాను.”

నాగా అన్న మాట దగ్గరే ఎర్రమ్మ పని పోయింది. పన్నెండు మందినీ పేరు పేరునా పిలిచాక, “నాగమణి మిషను దగ్గర ఉంటాది” అన్నాడు. ముప్పై ఏడు మంది తలలు ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి.

గేటు బయట ఎర్రమ్మ తన టిఫిను గిన్నె చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నాగమణి పరుగున వెళ్లింది.

“సావుకారుతో నేను మాటాడతాను ఎర్రమ్మా. ధనుంజయ సంగతి సెప్తాను...”

“మిషనుకి సెవుల్నేవన్నావు.” ఎర్రమ్మ గొంతు పెంచలేదు. “నీ సెవులే పీకి దానికెట్టీసినావు.”

మర్నాటి నుంచి నాగమణి ఆటోలో డ్రైవరు పక్కన కూర్చునేది. పని పోయినవాళ్ల వెనక సీట్లు ఖాళీగానే ఉండేవి. దుర్గాప్రసాద్‌తో మాట్లాడింది కూడా. ఆయన అంతా విని, “చూద్దాంలే” అన్నాడు. ఆ చూద్దాం అక్కడే ఆగిపోయింది.

వర్షాలు మొదలయ్యాక ఆమెకు జ్వరం తగిలి నాలుగు రోజులు మంచం దిగలేదు. పడుకుని మిషను గురించే ఆలోచించింది. తూర్పు గాలి వీస్తోంది, పిక్క ఆరదు, ఎవరికీ తెలియదు, పప్పంతా నూకలైపోతుంది. దుర్గాప్రసాద్ కారు పంపిస్తాడేమోనని వీధిలో హారను మోగినప్పుడల్లా చెవి ఒగ్గింది. కారు రాలేదు.

ఐదో రోజు వెళ్లేసరికి మిషను ఎప్పటిలా నడుస్తోంది. ప్రమోదిని అనే పిల్ల దాని ముందు నిలబడి ఉంది. టెక్కలిలో డిగ్రీ చదివింది. పుట్టి ఒక్క పిక్క కోసి ఎరగదు.

“మీరు లేకపోయినా ఏం ఇబ్బంది అవలేదాంటీ,” అంది ఆ పిల్ల. ఆమె దిగులు తీర్చడానికే అంది పాపం. “అంతా ఇక్కడే ఉంది కదా.”

గోడ మీద తడి పట్టకుండా ప్లాస్టిక్ తొడిగిన నాలుగు కాగితాలు అతికించి ఉన్నాయి. రంగు రంగుల గళ్లు, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. నాగమణి ఐదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి కూడబలుక్కుంది. ‘మందస పిక్క: విడిగా ఉడికించాలి.’ ‘కుప్ప పోయరాదు.’ ‘తూర్పు గాలి ఉన్న రోజు: అదనంగా ఆరు గంటలు. మీటరు చూడాలి.’ అవి తన మాటలే. యాస తీసేసి, ఇస్త్రీ చేసి గోడకు తగిలించారు.

ఫణీంద్ర వచ్చి పక్కన నిలబడ్డాడు. అతని ముఖం వెలిగిపోతోంది. ఈ నాలుగు రోజులూ అతను కూడా కావాలనే మిషను జోలికి పోలేదట.

“మిషను ఎప్పుడు పనికొచ్చినట్టో తెలుసా అమ్మా? బాగా నడిచినప్పుడు కాదు. బాగా తెలిసిన మనిషి రాని రోజున కూడా నడిచినప్పుడు. ఇంతకు ముందు వచ్చినవాళ్లంతా కత్తులు మార్చుకుంటూ కూర్చున్నారు. ఈ నాలుగు కాగితాలు రాసుకున్నవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడిక దీన్ని ఎవరైనా కొంటారు. ఎవరైనా నడుపుతారు.”

“అయితే బాబూ,” అంది నాగమణి, “నేను రాని రోజు కోసవే నన్నడిగినావా?”

ఫణీంద్ర చెడ్డవాడు కాదు. ఆ ప్రశ్న అతనికి అంతవరకూ తట్టలేదు, అంతే.

ఎవరైనా కొంటారన్నది నిజమే అయింది. దసరా నాటికి పలాసలో నాలుగు ఫ్యాక్టరీలు కొన్నాయి. టెక్కలి దగ్గర ఒకాయన కూడా తెప్పించాడు గాని కాస్త అనుమానం మనిషి. నమ్మకం కుదరడానికి నాగమణిని రెండు రోజులు వెంట రమ్మని ఫణీంద్ర అడిగాడు. కారులో ముందు సీటులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు.

ఆ ఫ్యాక్టరీలోనూ అదే షెడ్డు, అవే బల్లలు, బూడిద పులుముకున్న అవే చేతులు. ముప్పై మంది ఆడవాళ్లు పని చేస్తూనే ఓరగా ఆమెను చూస్తున్నారు. ఆమె ఎవరో వాళ్లకు ముందే తెలిసిపోయినట్టుంది. వాళ్లలో ఒక ముసలామె బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి, ఆమె చేతుల వైపు చూసి, తిరిగి వెళ్లి కూర్చుంది.

అక్కడి పిక్క ఓడలో వచ్చిన విదేశీ సరుకు. పెద్ద సైజు. నాగమణి ఒకటి చెవి దగ్గర ఆడించింది. ఎండి గలగలలాడుతోంది. నిలవ సరుకు. ఉడికించే ముందు నీళ్లు చల్లి ఒక పూట గోనెపట్టా కప్పి ఉంచకపోతే కత్తి తగలగానే పొడైపోతుంది. అది ఆమెకు అర క్షణంలో తెలిసింది.

“ఎలా ఉందమ్మా సరుకు?” అన్నాడు ఫణీంద్ర.

షెడ్డులో తొక్కుడు చప్పుళ్లు కాసేపు ఆగినట్టు అనిపించింది.

“బాగుంది బాబూ,” అంది నాగమణి. “ఇలాగే ఉడికించీండి.”

పుట్టి బుద్ధెరిగాక పిక్క విషయంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. అందులో ఆమెకు ఏదో తీపి తగిలింది.

మర్నాడు మిషను నూకలు కక్కింది. యజమాని ముఖం మాడ్చుకున్నాడు. నాగమణి గోడకు ఆనుకుని, ఫణీంద్ర తన వైపు తిరిగి అరుస్తాడని ఎదురు చూసింది. ఏమని జవాబివ్వాలో కూడా దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. అతను అరవలేదు. సంచిలోంచి మీటరు తీసి, పచ్చి పిక్కలు నాలుగు అందులో వేసి, అంకె చూసి తల ఊపాడు.

“మరీ ఎండిపోయింది. ఉడికించే ముందు తడి పట్టించాలి. పెద్ద విషయం కాదండీ, రేపటికల్లా సరిపోతుంది.” ఆపైన నాగమణి వైపు తిరిగి, ఓదార్పుగా నవ్వాడు. “ఒక్కోసారి చేతికి కూడా తప్పుతుందమ్మా. పరవాలేదు. అందుకేగా మీటరు పెట్టుకున్నది.”

అబద్ధమాడావని తిట్టినా ఆమె తట్టుకునేది. తిడతాడనే వచ్చింది. తనకు తెలియలేదనుకున్నాడు. ఇరవై రెండేళ్ల చెయ్యి తప్పిందనుకుని జాలిపడ్డాడు. తప్పలేదని చెప్పాలంటే అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఆ ముప్పై మంది ఎదుట, ఆ యజమాని ఎదుట రెండింట్లో ఏదీ నోటికి రాలేదు. కారు వద్దని టెక్కలిలో బస్సెక్కి వచ్చేసింది. ఫణీంద్ర మళ్లీ రమ్మని పిలవలేదు.

సంక్రాంతి దాటాక దుర్గాప్రసాద్ ఆమెను మిషను దగ్గర నుంచి తీసేసి గుల్ల ఎత్తే పనికి మార్చాడు. మిషను విడిచిన గుల్లను తట్టలకెత్తి నూనె మిల్లు లారీకి చేర్చాలి. చేతులకు తోడు మెడ, భుజాలు కూడా నల్లబడ్డాయి. మానేస్తానని రోజూ అనుకుంటుంది. ఎక్కడికి వెళ్లాలన్నా అక్కడా ఇదే మిషను.

ఎర్రమ్మ అక్కుపల్లిలో చేపలు ఎండబెట్టే పనికి వెళ్తోందని ఊళ్లో విన్నది. వీధిలో ఎదురైనా ఇద్దరూ చూపు పక్కకు తిప్పుకునేవారు. మాఘ మాసంలో ఒక మధ్యాహ్నం కాశీబుగ్గ బస్టాండు దగ్గర మందుల దుకాణం మెట్ల మీద తారసపడ్డారు. ఎర్రమ్మ చిక్కిపోయింది. చీర నుంచి ఉప్పు చేపల వాసన వస్తోంది.

“ధనుంజయకి ఎలగుంది?” అంది నాగమణి.

“ఉన్నాడు.”

నాగమణి దిగబోతుంటే ఎర్రమ్మే అంది, రోడ్డు వైపు చూస్తూ:

“నీ మీద కోపమనుకుంటన్నావేటి? కోపం కాదు వదినా. ఆడొచ్చి అలగ డబ్బా ఏసుకుని నా ముందు కూకుని, ఎర్రమ్మ గారూ అని అడిగుంటే, నేనూ సెప్పీసుందును. నీకన్నా బేగి సెప్పీసుందును. అది తలుసుకుంటే మండుతాది నాకు.”

ఇంతలో ఉద్దానం వెళ్లే ఆటో వచ్చి ఆగింది. అప్పటికే పదకొండు మంది ఉన్నారు. ఎర్రమ్మ మందుల పొట్లం కొంగులో ముడేసుకుని, వెనక చెక్క మీద ఎక్కి, కాళ్లు బయటికి వేలాడదీసుకుని కూర్చుంది. ఇంకొకరికి చోటు లేదు. నాగమణి తర్వాతి ఆటో కోసం నీడలోకి జరిగి నిలబడింది.